మా బావ పింగాణీ పన్ను

గని గేటు దగ్గర మైకు పట్టుకుని మాట్లాడుతూ, సరిగ్గా కార్మికుల త్యాగాల దగ్గరికి వచ్చేసరికి మా బావ ముందు పన్ను ఊడి కింద పడింది.

మొదటి షిఫ్టు వాళ్లు అప్పుడే పైకి వచ్చి బండ్ల స్టాండు వైపు నడుస్తున్నారు. రెండో షిఫ్టు వాళ్లు మస్టర్ ఆఫీసులో హాజరు వేయించుకుని గనిలోకి దిగడానికి తయారుగా ఉన్నారు. ఈ రెండు గుంపులూ ఎదురుపడే ఆ కాస్త సమయమే మా బొగ్గు ప్రాంతంలో ఏ యూనియన్‌కైనా సభ. దాన్ని గేట్ మీటింగ్ అంటారు. వినేవాళ్లలో సగం మంది ఆకలి మీద, సగం మంది తొందర మీద ఉంటారు కాబట్టి వక్త గట్టిగా మాట్లాడాలి, తక్కువ మాట్లాడాలి. మా బావ మొదటిది పాటిస్తాడు.

ఈ బాయిని మూస్తమంటే చేతులు కట్టుకుని చూస్తమా అని అడిగాడు. తర్వాతి వాక్యానికి నోరు తెరిచాడు. తెరిచిన నోరు అట్లాగే ఉండగా మాట ఆగిపోయింది. మెడలోని యూనియన్ కండువా లాగి నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకున్నాడు.

జనం నడక ఆపి చూశారు. గని మూతపడుతుందన్న మాట అప్పటికి చాలా రోజులుగా నలుగుతోంది. నాయకుడికి దుఃఖం పొంగి గొంతు పూడుకుపోయిందనుకున్నారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, మిగతావాళ్లు అందుకున్నారు. పక్కనున్న నాయకుల్లో ఒకాయన బావ వీపు నిమిరాడు. ఇంకొకాయన పనిలో పనిగా తన కళ్లు కూడా ఒత్తుకున్నాడు. నేను చాయ్ బండి దగ్గర ఉన్నాను. అక్కడి నుంచి చూస్తే బావ కళ్లు తడిగా ఏమీ లేవు. అవి నేల మీద దేన్నో వెతుకుతున్నాయి.

వెతుకుతున్నది, బొగ్గు తొట్లను లాగే హాలర్ నడిపే ఒక పెద్దాయనకు ముందు దొరికింది. మైకు స్టాండు పక్కన బొగ్గు పొడిలో తెల్లగా కనిపించిందేమో, తీసి, చొక్కాకు తుడిచి, అరచేతిలో పెట్టి చూపించాడు.

"అన్నా, గిది నీదేనా?"

మైకు ఆన్‌లోనే ఉంది. బావ కండువా తీయలేదు. అవునంటే నోరు తెరవాలి, కాదంటే పన్ను పోతుంది.

"నీది కాకుంటే మస్టర్ల ఇచ్చిపోత," అన్నాడు పెద్దాయన, ఏ దురుద్దేశమూ లేకుండా. "పోగొట్టుకున్నోళ్లు అడిగి తీస్కుంటరు."

ఆ తర్వాత వచ్చిన నవ్వును ఆపడానికి రెండో షిఫ్టు సైరన్ మోగాల్సి వచ్చింది. మర్నాడు ఒక పత్రికలో మాత్రం కన్నీటిపర్యంతమైన నేత అని వచ్చింది. ఆ విలేకరి చప్పట్ల దాకా ఉండి వెళ్లిపోయాడు. తప్పు పట్టను. గేట్ మీటింగ్‌ను చివరిదాకా ఎవరూ వినరు, అందులో పత్రికల వాళ్లు అసలు వినరు.

ఇప్పుడు ఆ పన్ను అక్కడికి ఎట్లా వచ్చిందో చెప్పాలి.

మా బావ అంటే మా అక్క భర్త. గనిలో సపోర్ట్‌మన్. పైకప్పు కూలకుండా రాతిలోకి బోల్టులు బిగించే పని. ఆ పనిలో చేరాడన్నది నిజం, కొన్నేళ్లు బాగా చేశాడన్నదీ నిజం. యూనియన్‌లో చేరాక మస్టర్ పడుతుంది, మనిషి దిగడు. ఇందులో మా బావ ప్రత్యేకత ఏమీ లేదు. మా దగ్గర నాయకుడన్నవాడు గనిని పైనుంచే కాపాడతాడు.

ఆయన అసలు పన్ను చాలా ఏళ్ల కింద విరిగింది. యూనియన్ గెలిచిన సందర్భంగా పెట్టిన దావతులో కూల్‌డ్రింక్ సీసా మూతను పంటితో తీయబోతే సగం పన్ను మూతతో పాటు వచ్చింది. నేను పక్కనే కూర్చున్నాను. తర్వాత కొన్నాళ్లకు ఒక గేట్ మీటింగ్‌లో ఆ విరిగిన పన్ను చూపించి, "బాయిల పని చేసేటోనికి పన్ను ఒక లెక్కనా" అన్నాడు. అందులో అబద్ధం లేదు. విన్నవాళ్లే ఒక రాయి ఊహించుకున్నారు. రాయి మీద పడి పన్ను పోయిందని ఒకరు, తోటి కార్మికుణ్ని పక్కకు నెట్టి తాను దెబ్బ తిన్నాడని ఇంకొకరు చెప్పుకున్నారు. బావ ఎవరినీ సరిదిద్దలేదు. ఈ విషయంలో మా అక్క లెక్క వేరు. "సీసా మూత ఏడాదికింత పెరిగి బండైంది. ఇంకో రెండేండ్లు పోతే గుట్టైతది," అనేది, ఆయన వినేటట్టే.

విరిగిన పన్ను ఆయనకు బాగా పనికొచ్చింది. నవ్వితే కష్టజీవి కనిపించేవాడు. అట్లాగే ఉండేదేమో గానీ మధ్యలో ఫ్లెక్సీలు వచ్చాయి.

ఎవరో పెద్ద నాయకుడి పుట్టినరోజుకు చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు. అందులో మా బావ ఫొటో కూడా ఉంది. ఫ్లెక్సీ షాపాయన అడగకుండానే కంప్యూటర్ మీద బావ ముఖం తెల్లగా చేసి, జుట్టు నల్లగా చేసి, పన్ను పూర్తి చేశాడు. బావ ఆ ఫ్లెక్సీ ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత ఆయన నవ్వడం తగ్గించాడు. ఫ్లెక్సీలో ఉన్న మనిషికీ తనకూ మధ్య ఉన్న తేడా జనం గమనిస్తున్నారని ఆయన అనుమానం. గమనించేంత తీరిక జనానికి ఉందని నమ్మడం నాయకులందరికీ ఉన్న జబ్బే.

అదే సమయంలో వాళ్ల గని పిట్ సెక్రటరీ రిటైరయ్యాడు. పిట్ సెక్రటరీ అంటే ఆ గనిలో యూనియన్‌కు పెద్ద. డ్యూటీలు మార్పించుకోవాలన్నా, క్వార్టర్ అడగాలన్నా, మేనేజర్ గదిలో కుర్చీ వేయించుకుని కూర్చోవాలన్నా ఆ పదవి ఉండాలి. మా బావ జీవితంలో కోరుకున్నది అదొక్కటే. పోటీలో ఇంకొకాయన ఉన్నాడు, ఒక ఫిట్టర్. పెద్దగా మాటకారి కాదు గానీ మంచి పలువరస. ఎవరిని పెట్టాలో పైకమిటీ తేలుస్తుంది. కంపెనీ ఏ యూనియన్‌తో మాట్లాడాలో తేల్చే గుర్తింపు ఎన్నికలు దగ్గర పడుతున్నాయి కాబట్టి మైకు ముందు నిలబెట్టదగ్గ మనిషిని చూస్తామని కమిటీ చెప్పింది. బావ ఆ మాటను నేరుగా తన పంటి మీదికి తీసుకున్నాడు.

కంపెనీ దవాఖానాను బలోపేతం చేయాలని, కార్మికులెవరూ ప్రైవేటుకు పోవద్దని గేట్ మీటింగ్‌లలో చెప్పే మా బావ, పన్ను కోసం నన్ను తోడు తీసుకుని ప్రైవేటు క్లినిక్‌కు పోయాడు. దవాఖానాకు పోతే నలుగురు చూస్తారట.

డాక్టరు మా ఊరి అమ్మాయే. తండ్రి మెకానిక్, బొగ్గు లారీలు బాగుచేస్తూ పిల్లలను చదివించాడు. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడుకుంటారు, పేషెంట్లతో మా తెలుగే మాట్లాడుతుంది. బావను కాకా అని పిలిచింది. పంటిని చూసి, మిగిలిన మొద్దు పొట్టిగా ఉందని, టోపీలాగా తొడిగితే పట్టు చాలదని చెప్పింది. పింగాణీ పన్ను చేయించి రెసిన్‌తో అతికించాలి. అంతా అతుకు మీదే ఆధారపడుతుంది.

రెసిన్ అన్న మాట వినగానే బావ కుర్చీలో లేచి కూర్చున్నాడు. గనిలో బోల్టులు నిలిపేది కూడా రెసినే. రాతికి రంధ్రం వేసి, రెసిన్ గొట్టం లోపలికి తోసి, బోల్టు గిరగిరా తిప్పితే గట్టిపడి రాయీ ఇనుమూ ఒకటవుతాయి. తాను ఎన్ని బోల్టులు వేశాడో, వాటి కింద ఎంతమంది నిలబడి ప్రాణాలతో తిరిగొచ్చారో ఆమెకు వివరించాడు. ఆమె ఓపిగ్గా విని, తన రెసిన్ సంగతి చెప్పింది. పింగాణీ లోపలి వైపు యాసిడ్ రాస్తే కంటికి కనపడని గుంతలు పడతాయి. దాని మీద ఒక మందు పూస్తే రెసిన్ పింగాణీని పట్టుకుంటుంది. పంటి వైపు కూడా ఇట్లాంటిదే ఒక ఏర్పాటు. ఆ తర్వాత నీలం లైటు వేస్తే గట్టిపడుతుంది. అతికించేటప్పుడు చుక్క ఉమ్మి తగిలినా పట్టు పోతుంది. అన్నీ సరిగ్గా చేసినా, నోట్లో ఎప్పుడూ తడి ఉంటుంది కాబట్టి నీళ్లు ఏళ్ల మీద మెల్లగా అతుకులోకి దిగుతాయి. వేడి చాయ్, చల్లటి నీళ్లు ఒకదాని తర్వాత ఒకటి పడితే పింగాణీ, రెసిన్ వేర్వేరుగా సాగుతాయి, ముడుచుకుంటాయి.

"అయితే ఎన్నేండ్లు ఉంటది?" అన్నాడు బావ.

"చెప్పలేను కాకా."

మా బావకు ఈ సమాధానం అలవాటు లేదు. వేతన ఒప్పందానికి గడువు ఉంటుంది, లీజుకు గడువు ఉంటుంది, ఆఖరికి మంత్రి హామీకి కూడా చెప్పుకోవడానికి ఒక గడువు ఉంటుంది. బేరం మొదలుపెట్టాడు. పదేళ్లన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. పోనీ ఒక పదవీకాలం అన్నాడు. చాలామందికి చాలా ఏళ్లు ఉంటుంది, కొందరికి ఉండదు, మీరు ఎందులో ఉంటారో నాకు తెలియదు అని చెప్పింది. కాలేజీల్లో అతికించిన ముక్కలను నీళ్లలో నానబెట్టి, వేడిలోకీ చలిలోకీ మార్చి మార్చి ముంచి, ఆ తర్వాత మిషన్‌తో లాగి చూస్తారని, అయినా నోరు వేరు, మిషన్ వేరని కూడా చెప్పింది. అక్కడే పొరపాటు చేసింది.

"విన్నవా బామ్మర్దీ," అన్నాడు బావ నావైపు తిరిగి. "గుంజి చూస్తరట. మేమూ గట్లనే. బోల్టేసినంక గుంజి చూడంది ఒప్పుకోం."

"లాగి చూసిన ముక్క మళ్లీ పనికి రాదు కాకా. అది విరిగేదాక లాగుతరు."

ఆ మాట ఆయన చెవిన పడలేదు. ఆమెకు గని బోల్టుల మీద కుతూహలం కలిగినట్టుంది, మరి మీ బోల్టు ఎన్నేళ్లు ఉంటదని అడిగింది. ఉండాల్సిన పని లేదన్నాడు బావ. బొగ్గు తీసేదాకా ఆగితే చాలు, తీశాక ఆ కప్పును మేమే కూలగొడతాం అన్నాడు. నోట్లో ఆ పద్ధతి కుదరదని ఆమె నవ్వింది.

పింగాణీ పన్ను హైదరాబాదులో తయారై వచ్చింది. పెద్ద పరీక్ష అతికించే రోజున ఎదురైంది. పన్ను చుట్టూ పలుచని రబ్బరు తెర కడితే ఉమ్మి తగలదని డాక్టరు తెర తీసింది. భూమి కింద అంత లోతున ఏళ్లపాటు గాలి పీల్చిన మా బావ, ఆ తెర కడితే తనకు ఊపిరాడదన్నాడు. చేసేది లేక ఆమె దూది ఉండలు పెట్టి పని మొదలుపెట్టింది. పంటిని కడిగి, ఆరబెట్టి, మందు పూసి, పింగాణీ చేతిలోకి తీసుకుంటుండగా బావ జేబులో ఫోన్ మోగింది. కమిటీ ఆఫీసు నుంచి. తీయొద్దని ఆమె చెయ్యి చూపింది. బావ తీశాడు. మొదట ఊఁ ఊఁ అంటూ నెట్టుకొచ్చాడు. అవతలి మనిషికి అది వినయంగా అనిపించలేదేమో గట్టిగా అడిగాడు. బావ దూది ఉండ తీసి పక్కన పెట్టి, "వస్తున్న అన్నా, దారిలనే ఉన్న" అన్నాడు.

డాక్టరు చేతిలోనిది కింద పెట్టి గోడ వైపు చూసింది. తర్వాత మళ్లీ కడిగింది, మళ్లీ ఆరబెట్టింది, మందు మళ్లీ పూసింది. ఈసారి నేను ఫోన్ పట్టుకుని బయట కూర్చున్నాను. పన్ను అతికింది. అద్దంలో చూసుకున్న బావ ఫ్లెక్సీలో మనిషిలాగే ఉన్నాడు. ఈ రోజంతా దాంతో గట్టిది కొరకొద్దని, జర్దా మానేస్తే మంచిదని ఆమె చెప్పింది. గనిలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోనివ్వరు కాబట్టి మా వాళ్లందరికీ జర్దా అలవాటు. దిగడం మానేసినా బావ అది మానలేదు.

క్లినిక్ మెట్లు దిగగానే బావ జేబురుమాలు తీసి, కొత్త పంటిని రెండు వేళ్లతో పట్టుకుని కిందికి లాగాడు. ఏం చేస్తున్నావని అడిగితే గుంజి చూస్తున్నా అన్నాడు. కదల్లేదు. ముఖం వెలిగిపోయింది. "పక్కా పని చేసింది బిడ్డ," అని మెచ్చుకున్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. గనిలో షిఫ్టు మొదలు కాగానే ఇనుప రాడ్‌తో కప్పును కొట్టి వింటారు. గట్టి రాయి అయితే గంటలాగా ఖంగుమంటుంది. పొర విడిన రాయి డొల్లగా పలుకుతుంది. డొల్ల శబ్దం వచ్చిన చోట ఎవరూ నిలబడరు. పని నేర్చిన ప్రతివాడికీ ఇది ఒంట్లో ఇంకిపోతుంది. మా బావ గనిలో ఆ రాడ్ పట్టుకుని ఎన్నో ఏళ్లయింది గానీ, ఇంట్లో పొద్దున్నే పళ్లు తోముకున్నాక స్టీలు చెంచా కాడతో కొత్త పంటిని కొట్టి వినడం మొదలుపెట్టాడు. ముందు పక్క పంటి మీద ఒక దెబ్బ, తర్వాత దీని మీద ఒక దెబ్బ, శబ్దంలో తేడా ఉందేమోనని. మా అక్క వంటింట్లోంచి "అయిందా రూఫ్ టెస్టింగ్, చాయ్ పొయ్యాల్నా" అని అడిగేది.

కొద్ది రోజుల్లో ఇది చాయ్ బండి దగ్గరికి పాకింది. ఎవరైనా పన్ను బాగుందని అంటే చాలు, బావ తన మోటార్‌సైకిల్ తాళంచెవి తీసి కొట్టి వినిపించేవాడు. నమ్మకస్తులైన కార్యకర్తలకు మాత్రం తామే కొట్టి చూసే గౌరవం దక్కేది. ఒకసారి ఒక ఓవర్‌మన్, గనిలో భద్రత చూడాల్సిన మనిషి, చెవి దగ్గర పెట్టి విని, సర్టిఫికెట్ ఇస్తున్నట్టు తలూపాడు. డ్యూటీ దిగి వచ్చిన ఒకాయన నా పక్కన నిలబడి, బాయిల గూడ ఇంత శ్రద్ధగ కొట్టి చూస్తే బాగుండు అన్నాడు. అది హాస్యానికి అనలేదు.

పన్ను ఒక ఎండాకాలం, ఒక వానాకాలం ఆగింది. ఎండాకాలంలో ఐసు ముక్కలు నమిలాడు, వానాకాలంలో కాగే చాయ్ తాగాడు. దగ్గర పడుతున్నాయన్న ఎన్నికలు మాత్రం వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. ఆ తర్వాతి గేట్ మీటింగ్‌కు కమిటీలోంచి ఒక పెద్ద నాయకుడు వచ్చాడు, ఇద్దరు అభ్యర్థుల మాటా విందామని. ఫిట్టర్ ముందు మాట్లాడి దిగిపోయాడు. తర్వాత మా బావ లేచాడు. అప్పుడు జరిగింది మొదట్లోనే చెప్పాను.

ఆ సాయంత్రమే పింగాణీ పన్నును కాగితంలో చుట్టుకుని ఇద్దరం క్లినిక్‌కు పోయాం. దారి పొడవునా బావ విచారణ గురించే మాట్లాడాడు. గనిలో ప్రమాదం జరిగితే విచారణ వేస్తారు. ఎన్నో విచారణల్లో ఆయన కార్మికుల తరఫున కూర్చున్నాడు. నేనూ పత్రిక కోసం బయట బెంచీల మీద కూర్చుని అట్లాంటి వాటి గురించి చాలానే రాశాను. పద్ధతి ఎప్పుడూ ఒకటే. కప్పు ఎందుకు కూలిందన్న దగ్గర మొదలవుతుంది. పడిన చోట నిలబడ్డవాడికి జాగ్రత్త లేదన్న దగ్గర తేలుతుంది. పై అధికారి తప్పు ఒప్పుకోవడం నేను వినలేదు, మా బావ కూడా వినలేదు. ఈసారి తానే బాధితుడు కాబట్టి తప్పు ఎవరిదో తేల్చాకే కుర్చీలో కూర్చుంటానన్నాడు.

డాక్టరు కోపగించుకోలేదు. పింగాణీ ముక్కను భూతద్దం కింద పెట్టి చూసింది. తర్వాత బావ నోట్లో మొద్దును చూసింది. రెసిన్ అంతా మొద్దుకే అంటుకుని ఉంటే పింగాణీ వైపు పట్టు పోయినట్టు. అంతా పింగాణీకే ఉంటే పంటి వైపు పోయినట్టు. ఇక్కడ కొంత అటు ఉంది, కొంత ఇటు ఉంది, మధ్యలో రెసినే చిరిగినట్టుగా ఉంది. ఎక్కడ మొదలైందో దీన్ని బట్టి చెప్పలేమంది.

"మరి తప్పెవరిది?" అన్నాడు బావ. "నీదా, నాదా?"

ఆ రోజు ఫోన్ తీసినప్పుడు తడి తగిలి ఉండొచ్చు, కడిగినా కొంత మిగిలి ఉండొచ్చు. నేను అప్పుడే బయటపెట్టిన గుంజడం, చెంచాతో కొట్టడం మేలైతే చేసి ఉండవు. ఐసు, చాయ్, జర్దా ఎట్లాగూ ఉన్నాయి. ఇవన్నీ చెప్పింది. ఆపి, ఇంకొక మాట అంది.

"నాది గూడ ఉండొచ్చు కాకా. తెర కట్టకుండ ఆ రోజు మొదలు పెట్టొద్దుండె. మీరు వద్దన్నరని ఊకున్న."

అడ్డం తిరిగేవాళ్లతో, దాటవేసేవాళ్లతో, పైకి రాసి పంపుతామనేవాళ్లతో ఎట్లా మాట్లాడాలో బావకు తెలుసు. ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు, కుర్చీలో కూర్చుని నోరు తెరిచాడు. రబ్బరు తెర కడుతుంటే వద్దనలేదు. ఫోన్ ముందే నాకు ఇచ్చేశాడు.

ఆమె పాత రెసిన్ అంతా గీకి తీసి, పింగాణీని మళ్లీ శుభ్రం చేసి, మొదటి నుంచీ చేసింది. చాలాసేపు పట్టింది. చివర్న ఈసారి కొట్టి చూడొద్దు అంది. కొట్టకుంటే బాగుందో లేదో ఎట్ల తెలుస్తదని అడిగాడు బావ. ఊడేదాకా తెలియదంది. రాసిస్తావా అన్నాడు. ఏమని రాయాలంది. ఎన్నికల దాకా ఉంటదని. ఆమె మళ్లీ తల అడ్డంగా ఊపింది.

ఇంటికొచ్చాక మా అక్క చెంచాలన్నీ తీసి దాచింది.

కమిటీ ఆ వారంలోనే కూర్చుంది. నేను లోపల లేను. బావ చెప్పిందీ, అక్కడున్న ఇంకొకాయన చెప్పిందీ ఒకటే కాబట్టి రాస్తున్నాను. మా వైపు యూనియన్ సంగతుల్లో రెండు కథనాలు కలవడం అరుదు. గేట్ మీటింగ్ గురించి ముందు అందరూ కాసేపు నవ్వుకున్నారట. తర్వాత పెద్ద నాయకుడు ఫిట్టర్‌ను ఈ గని మూతపడకుండా ఆపగలమా అని అడిగాడు. ఎట్ల మూస్తరు, తప్పక ఆపుతమన్నాడు ఫిట్టర్. తర్వాత మా బావ వంతు. ముందు పన్ను సంగతి అడిగాడు నాయకుడు, సగం ఎగతాళిగా.

"ఎన్నికల ప్రచారంల మళ్ల పడదు గద?"

"చెప్పలేనన్నా," అన్నాడు మా బావ.

గని సంగతేమిటని అడిగితే, పోరాడతాం గానీ ఆగుతదో లేదో అదీ చెప్పలేనన్నాడట. గదిలో అప్పటిదాకా ఉన్న నవ్వు పోయింది. మా బావ నోట ఇట్లాంటి మాట ఎవరూ విని ఉండరు. నాయకుడు గ్లాసులో నీళ్లు తాగాడు. ఒకాయన ఇది నిజాయితీ అన్నాడు. ఇంకొకాయన నిజాయితీయే గానీ మైకు ముందు ఇది చెప్పేది కాదన్నాడు. మైకు ముందు పన్ను పారేసుకున్నవాడికంటే చెప్పలేనన్నవాడు ప్రమాదమని ఫిట్టర్ మనుషుల్లో ఒకరు అన్నారు. చివరికి తర్వాత కూర్చుందామని లేచిపోయారు.

బయటికొచ్చిన బావను, అట్లా ఎందుకన్నావని అడిగాను. "ఆ డాక్టరు పిల్ల అన్నప్పుడు నాకు కోపం రాలె," అన్నాడు. "వీళ్లకూ రాదనుకున్న."

మా అక్క ఈ సంగతి విని, ఈ తెలివి సీసా మూత తీసేనాడు ఉంటే ఇంత దూరం వచ్చేది కాదంది. కానీ ఆ రోజు చాయ్‌లో చక్కెర ఎక్కువ వేసి ఇచ్చింది.

పింగాణీ ఈసారి ఎటువైపు వదులుతుందో, అసలు వదులుతుందో లేదో డాక్టరు ఇప్పటికీ చెప్పలేదు. గని సంగతి కంపెనీ చెప్పలేదు. ఇది రాస్తున్న నాటికి కమిటీ మళ్లీ కూర్చోలేదు. గేటు పక్కన యూనియన్ బోర్డు మీద పిట్ సెక్రటరీ అన్న మాటకు ఎదురుగా రిటైరైన ఆయన పేరు కొట్టేసి ఉంది, ఇంకే పేరూ రాయలేదు.